చెట్టు కింద తిన్నదే నీది

ఈమధ్య నోట్లో ఏది పెట్టుకోబోయినా వద్దనేవాళ్ళే ఎక్కువయ్యారు. మొన్న దవాఖాన నుంచి ఇంటికి వస్తున్నాను. చక్కెర పెరిగిందని డాక్టరమ్మ చేసిన హితబోధ ఇంకా చెవుల్లోనే ఉంది. హన్మకొండ చౌరస్తా దాటాక రోడ్డు పక్కన ఒకావిడ గోనెసంచి పరిచి, పసుపుపచ్చని పండ్లు కుప్ప పోసుకుని కూర్చుంది. ఆటో ఆపమన్నాను.

"ఏం పండ్లమ్మా అవి, సపోటలా?" అన్నాడు ఆటో నడిపే అతను.

"తునికి పండ్లు," అన్నాను, కొన్ని కొనుక్కుని ఆటో ఎక్కుతూ.

"బీడీల ఆకు వస్తది, గా తునికేనా? దానికి పండ్లు గూడ కాస్తయా?"

కాస్తాయి నాయనా అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది. ఇంటికి తీసుకెళ్తే కోడలు లాగేసుకుంటుందని ఆటోలోనే ఒకటి ఒలిచి తిన్నాను. పచ్చిగా తెంపి గడ్డిలో మాగబెట్టిన పండు. ఒగరు పూర్తిగా పోలేదు. అయినా గింజ చుట్టూ ఉండే ఆ జిగురు తీపి నాలుకకు తగలగానే మా అత్త గుర్తొచ్చింది. ఇల్లు చేరేదాకా కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

అత్త అంటే మా నాయిన చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు జ్వరంతో పోతే, పుట్టింటికి తిరిగొచ్చింది. మా ఊరు వరంగల్‌కు తూర్పున, అప్పట్లో అడవి మొదలయ్యే చోట ఉండేది. ఇప్పుడు అక్కడ అడవి లేదు, జామాయిల్ తోటలు, పత్తి చేన్లు. మాకు ఉన్నది కాస్త మెట్ట చెల్క, ఒక మడి. అమ్మ మా చిన్న తమ్ముణ్ణి కన్నాక మంచం పట్టింది. నాయినమ్మకు చూపు ఆనేది కాదు. ఇక చెప్పేదేముంది, ఇల్లంతా అత్త రెక్కల మీదే నడిచేది. పేడకళ్ళు ఎత్తడం దగ్గర్నుంచి నా జడ వెయ్యడం దాకా ఆమే. నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె ఒంటికి ఎప్పుడూ ఆకు పసరు వాసన, చెమట వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎండాకాలం పచ్చి ఆకు నలిగిన వాసన వస్తే నాకు నిద్ర ముంచుకొస్తుంది.

మా ఊళ్ళో ఎండాకాలమంటే తునికాకు. కోడి కూసేసరికి ఆడవాళ్ళంతా గోనెసంచులు భుజాన వేసుకుని గుంపుగా అడవికి పోయేవారు. పొద్దెక్కేలోపు ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నమంతా పందిరి కింద కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనేవాళ్ళ కల్లంలో ఆరబెట్టి రావాలి. వానాకాలం దాకా మా తిండి ఆ కట్టల్లోంచే రావాలి. అత్త చెయ్యి పడితే కట్ట నున్నగా, బిగువుగా వచ్చేది. నాయిన కడితే తలపాగా ఊడినట్టు ఉండేది. నేను కడితే మాట్లాడకుండా విప్పి మళ్ళీ కట్టేది.

నన్ను కూడా అడవికి తీసుకుపోయేది. ఆకు కోస్తానని కాదు, తోడుకని. కొమ్మ కొట్టిన పొదల్లో ఆడవాళ్ళు ఆకు కోస్తుంటే నేను పండ్లకోసం వెతికేదాన్ని. ఒక్కటీ కనబడేది కాదు.

"కొట్టిన పొదకు కాయెక్కడిదే పిచ్చిపోరీ," అని నవ్వేది అత్త. "ఆకు మంచిగ రావాల్నంటే చలికాలంల కొట్టాలె. కొడితే ఆకే వస్తది, కాయ రాదు. పండు కావాల్నంటే కొట్టని చెట్టు కాడికి పోవాలె."

అలాంటి చెట్టు వాగు అవతల, బండ్లబాట పక్కన ఒకటుండేది. మానంత చెట్టు. ఎవరి గొడ్డలికీ అందకుండా ఎట్లా మిగిలిందో తెలియదు. ఆకు సంచి నిండాక అత్త నన్ను దాని దగ్గరికి తీసుకుపోయేది. చెట్టు మీదికి రాయి విసరనిచ్చేది కాదు. రాత్రి రాలినవాటినే ఏరాలి. ఏరిన ప్రతి పండూ బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా లోపలికి పోతే పండు, పోకపోతే అది కాయ. ఒకసారి ఆశకొద్దీ కాయ కొరికాను. నాలుక బెరడులా అయిపోయి సాయంత్రందాకా మాట సరిగా రాలేదు. "ఇయ్యాల ఇల్లు సల్లగున్నది," అని నాయినమ్మ సంబరపడింది.

మొర్రి పండ్లు, పాలపండ్లు కూడా ఆ దారిలోనే దొరికేవి. మొర్రి పండ్లు తిని గింజలు ఉమ్మెయ్యకుండా బుగ్గన పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక వాటిని నాయినమ్మ రాతి మీద కొట్టి లోపలి పప్పు తీసేది. మా పెద్ద తమ్ముడు గింజలతో సహా మింగేసేవాడు. వాడి కడుపులో చెట్టు మొలుస్తుందని నాయినమ్మ బెదిరిస్తే, "మొలిస్తే మనం అడివికి పోవుడు తప్పుతది," అనేవాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అన్నిటికీ జవాబు ఉండేది. ఇప్పుడూ ఉంది, అందుకే వాడితో ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడను.

వాడే ఒకరోజు మా వెంట వచ్చి కొంప ముంచబోయాడు. ఒక కొమ్మ మీద కోతి కూర్చుని నారింజ రంగు పండు చీల్చుకుని తింటోంది. కింద అలాంటివే రాలి ఉన్నాయి. వీడొకటి పగలగొట్టి నోటిదాకా తీసుకుపోయాడు. అత్త ఎక్కణ్ణుంచి చూసిందో, పరుగెత్తుకొచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. పండు ఎగిరి పడింది. అది ముష్టి పండు. గింజ నలిగి కడుపులోకి పోతే మనిషి కొయ్యబారి చచ్చిపోతాడట.

"కోతి తింటాంది గదా," అని ఏడ్చాడు వాడు.

"కోతి కడుపు కోతిది. నీ కడుపు నీది," అంది అత్త. వాణ్ణి చంకనేసుకుని ఇంటిదాకా మోసింది, నడవగలిగిన పిల్లవాణ్ణి.

ఈ మాట నాకు తర్వాత చాలా అక్కరకు వచ్చింది. పక్కింటివాళ్ళు చేశారు కదా, బంధువులు చేశారు కదా అని ఎవరైనా నన్ను దేనికైనా ఎగదోస్తే, కోతి కడుపు కోతిది అనుకుని ఊరుకునేదాన్ని. అలా ఊరుకోవడం నాకు బాగానే అబ్బింది. ఆమె చెప్పిన రెండో మాటే ఒంటబట్టలేదు.

నేనొక మంచి పిల్లను. మంచి పిల్ల అంటే మీకు తెలుసు. ఏరిన పండ్లలో మంచివన్నీ లంగా ఒడిలో కట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని. ఇవి అమ్మకు, ఇవి తమ్ముడికి, ఇవి నాయినమ్మకు. మిగిలిన పగిలినవీ, చీమలు పట్టినవీ నాకు. అందరూ మెచ్చుకునేవారు. అత్త మాత్రం చిరాకు పడేది.

"తిన్నవా?"

"ఇంటికి పోయినంక తింట."

"ఇంటికి పోయినంక నీకేముంటది కోడలా? చెట్టు కింద తిన్నదే నీది. ఇంటికి పట్టుకపోయింది ఇంటిది. ముందుగాల్ల కడుపునిండ తిను, గప్పుడు ఒళ్ళె కట్టు."

ఆమె అలాగే తినేది. చెట్టు మొదట్లో చతికిలబడి, కొంగు మీద పండ్లు పోసుకుని, ఎవరో వడ్డిస్తున్నట్టు తీరుబడిగా. ఇంట్లో ఆమె తీరుబడిగా తిన్నది నేను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో అందరూ తిన్నాక పొయ్యి దగ్గర నిలబడే జొన్న గటుక తాగేసేది.

ఆ రోజుల్లోనే కాజీపేటాయన సంగతి నడుస్తుండేది. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. భార్య చనిపోయింది, చిన్న కొడుకు ఉన్నాడు. మా అత్తను మారుమనువు చేసుకుంటానని చుట్టాల చేత అడిగించాడు. మా వాళ్ళలో అది తప్పు కాదు. అత్తకు ఇష్టమే. నాయినమ్మకు ఇష్టమే. నాయినకు కూడా కాదని లేదు. మనిషి చెడ్డవాడు కాదు మా నాయిన. చెల్లెలు నవ్వితే ఆయన మొహం కూడా వెలిగేది. కానీ ఎప్పుడు మాట వచ్చినా, "ఆకు సీజన్ దాటనీయే అవ్వా," అనేవాడు. సీజన్ దాటితే నాట్లు. నాట్లు అయితే మిరపకాయ ఏరుడు. అది అయితే మళ్ళీ కొమ్మకొట్టుడు. ఏడాదికి పన్నెండు నెలలూ అత్త చేతులతో పని ఉండేది మా ఇంట్లో.

ఆ ఎండాకాలం ఆయన ఒక ఖచ్చితమైన మాట పంపాడు. కొడుక్కి ఎన్నాళ్ళని పక్కింటోళ్ళ చేతి తిండి పెట్టను, ఈ నెల దాటితే వేరే సంబంధం చూసుకుంటాను అని. అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పాడు.

ఆ సాయంత్రం పందిరి కింద అందరం కట్టలు కడుతున్నాం. నాయినమ్మ చీకటి కళ్ళతోనే ఆకు దొంతులు సర్దుతూ అడిగింది.

"ఏం జేద్దాం కొడుకా?"

"ఆకు మధ్యల ఉన్నది అవ్వా. గిప్పుడు పోతే ఇల్లెట్ల నడుస్తది? మా ఇంటామె బాలెంతాయె. పోరగాండ్లు చిన్నోళ్ళు. ఇంకో నెల ఆగుమను, నేనే పోయి మాట్లాడుత."

"నిరుడు గూడ గదే అంటివి."

"నేను వద్దంటాన్ననా?"

"వద్దంటె మంచిగుండేది. దానికి ఆశన్న తెగేది," అంది నాయినమ్మ. ఇంకో దొంతి దగ్గరికి లాక్కుంది. "ఏటేటా కొమ్మ కొట్టి ఆకు తీసుకుంటానం. దానికీ ఓ కాయ కాయాల్నని ఉండదా కొడుకా?"

అత్త తలెత్తలేదు. కట్టకు చుడుతున్న నార మాత్రం ఆమె చేతిలో పుటుక్కున తెగింది. మరో నార అందుకుని మళ్ళీ చుట్టింది. నాకు మటుకు నాయిన మాటే నచ్చింది. అత్త పోకూడదు. ఆమె పోతే రాత్రి ఎవరి పక్కన పడుకోవాలి? నా లోకం అంతే ఉండేది.

మారుమనువుకు మా దగ్గర పందిరి వెయ్యరు, డప్పు కొట్టరు. మొగుడు తెచ్చిన చీర కట్టుకుని, తెల్లవారక ముందే పెరటి బాటన ఊరు దాటాలి. ముత్తయిదువలు ఎదురు రాకూడదు. ఆ చీర కట్టుకున్న మొదటి పూట పెళ్ళికాని ఆడపిల్లలు ఆమె మొహం చూడకూడదు. చూస్తే వాళ్ళకూ అదే రాత వస్తుందని భయం. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నాయినమ్మకు తెలుసు. చెప్పకుండా ఎట్లా పంపావని తర్వాత ఎవరో నిలదీస్తే ఆమె అన్న మాట ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. "ఎట్లయినా దొంగతీరుగ పోవుడే గదా మన ఆచారం. ఇగ ఎవలకు చెప్పాలె?"

ఆ నెల దాటకముందే ఒకరోజు, ఎప్పటిలాగే కోడి కూయగానే లేచాం. గుంపుతో కలిసే బయల్దేరాం. అత్త సంచి ఖాళీగా కాకుండా కొంచెం ఉబ్బెత్తుగా ఉందని గమనించాను, గటుక తెచ్చిందేమో అనుకున్నాను. గుంపు పొదల్లోకి మళ్ళింది. అత్త నా చెయ్యి పట్టుకుని వాగు దాటింది. ఇసుక ఇంకా చల్లగా ఉంది.

"ఆకు కొయ్యవా?"

"ఇయ్యాల ముందుగాల్ల పండ్లు."

పెద్ద చెట్టు కింద బాగా రాలి ఉన్నాయి. ఆమే ఏరింది. ఒక్కొక్కటీ నొక్కి చూసి, మంచివి మాత్రమే నా ఒడిలో పోసింది. ఒడి బరువెక్కింది. నన్ను చెట్టు మొదట్లో, మాను వైపు మొహం పెట్టించి కూర్చోబెట్టింది.

"గిట్లనే కూసో. ఒళ్ళెయి తిన్నంకనే తిరుగు. అప్పటిదాక తిరగొద్దు."

"ఎందుకు?"

"పెండ్లికాని పోరివి. నన్ను సూడొద్దు."

అప్పుడు అర్థమైంది. ఎట్లా అర్థమైందో చెప్పలేను, పిల్లలకు అర్థమవుతాయి. అడగాలనుకున్నది ఒకటి, అడిగింది ఒకటి.

"తమ్మునికి తీసుకపోవద్దా?"

"వానికి రేపు నువ్వే ఏరుకపో. ఇయ్యి నీయి. ఒక్కటి గూడ ఇంటికి పోవద్దు."

"మళ్ళ ఎప్పుడొస్తవ్ అత్తా?"

మా ఇంట్లో అయితే ఎవరైనా, ఆకు అయిపోయినంక, నాట్లు అయిపోయినంక అని ఏదో ఒకటి చెప్పేవారు. ఆమె అబద్ధం చెప్పలేదు. "రాను బిడ్డా," అంది. "నువ్వే రా. కాజీపేట దూరమేం గాదు."

తల మీద చెయ్యి పెట్టింది, తీసేసింది. తర్వాత నా వెనక గంజి పెట్టిన కొత్త చీర విప్పుతున్న గరగర. గాజుల చప్పుడు. ఆమె చేతికి గాజులు లేవు కదా అనుకున్నాను. తర్వాత ఎండుటాకుల మీద అడుగులు. బండ్లబాట మీద ఎవరో మెల్లగా దగ్గారు. ఒక సైకిలు స్టాండు తీసిన శబ్దం.

నేను తిరగలేదు. పండ్లు ఒక్కొక్కటే ఒలిచి తిన్నాను. ఆమె మాట వినాలని కాదు. ఒడిలో పండు ఉన్నంతసేపు ఆమె ఇంకా పోనట్టే అనిపించింది. అందుకని గింజ నున్నబడేదాకా చప్పరించాను. కడుపు నిండిపోయింది. అంత తీపి తిని అంతగా ఏడ్చింది ఆ ఒక్కనాడే. గుంపులోని ఆడవాళ్ళు నా పేరు పెట్టి పిలుస్తున్నా పలకలేదు. చివరి పండు కూడా అయిపోయాక తిరిగాను. బాట ఖాళీగా ఉంది. మొద్దు మీద ఆమె పాత చీర మడతపెట్టి ఉంది, దాని పక్కన ఖాళీ గోనెసంచి. వాటిని తీసుకుని ఆడవాళ్ళ దగ్గరికి పోయాను. ఒక ముసలామె తన సంచిలోంచి ఇంత ఆకు తీసి నా సంచిలో వేసింది. అది చూసి మిగిలినవాళ్ళూ వేశారు.

ఇంటికొచ్చేసరికి నాయిన కల్లానికి పోబోతూ ఆగాడు. నా చేతిలోని చీర చూశాడు. నాయినమ్మ వైపు చూశాడు.

"ఎటువోయింది?"

"పోయింది," అంది నాయినమ్మ.

నాయిన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పందిరి కింద కూర్చుని, నా సంచి బోర్లించి, కట్టలు కట్టడం మొదలుపెట్టాడు. ఆయన కట్టినవి కట్టినట్టే ఊడిపోతున్నాయి. కాసేపటికి అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచొచ్చి పక్కన కూర్చుంది. ఆమె చేతిలోంచి నేను నార అందుకున్నాను. నా కట్ట విప్పి మళ్ళీ కట్టడానికి ఎవరూ లేరు కాబట్టి, అది సరిగా వచ్చేదాకా నేనే విప్పి నేనే కట్టాను. ఇల్లు ఆగిపోలేదు. కుంటుతూ నడిచింది. ఆ కుంటుతున్న ఇంటికి కర్రను నేనే అయ్యాను. బడి ఆ ఏడు మధ్యలోనే వదిలేశాను, మళ్ళీ ఎప్పుడో పట్టుకున్నాను. రాత్రి పూట తమ్ముళ్ళు ఇద్దరూ చెరోపక్క పడుకునేవారు. వాళ్ళకు అప్పుడు నా ఒంటి నుంచి ఆకు పసరు వాసన వచ్చి ఉంటుంది.

మిరపకాయ ఏరుడు అయిపోయాక నాయినమ్మ నన్ను తీసుకుని కాజీపేట పోయింది. రైలు పట్టాల పక్కన వరసగా చిన్న చిన్న ఇళ్ళు. బండి పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. అత్త కాస్త ఒళ్ళు చేసింది. ఒక పిల్లవాడు పలక పట్టుకొచ్చి, "అమ్మా, దిద్దినా," అంటే నాకు వాడి మీద ఒళ్ళు మండింది. కాజీపేటాయన డ్యూటీ దిగి వచ్చి, మాకు పెట్టి, ఆమెను కూడా కూర్చోమని తానే చారు పోశాడు. అత్త కూర్చుంది. ముద్ద కలుపుకుని తీరుబడిగా తిన్నది. నాయినమ్మకు సరిగా కనబడదు కదా, "తింటాందా?" అని నా చెవిలో అడిగింది. "తింటాంది," అన్నాను.

సాయంత్రం నా జడ వేస్తుంటే ఇక ఆపుకోలేక అడిగేశాను. "నువ్వు పోతే మేమెట్ల బతుకుతమో అనుకోలేదా అత్తా?"

ఆమె దువ్వెన ఆగింది.

"అనుకున్న బిడ్డా. అనుకునుడు ఆగితె పోదామని ఏడాదిసంది సూసిన. అది ఆగేటట్టు లేకుండె. గందుకే నడుసుకుంటనే అనుకున్న. సైకిలెక్కినంక గూడ అనుకుంటనే ఉన్న."

మళ్ళీ జడ అల్లడం మొదలుపెట్టింది. నాకప్పుడు ఆ మాట చాలలేదు. ఇంకేదో చెప్పాలి కదా, మమ్మల్ని మరిచిపోలేదని, ఏడ్చానని. ఆమె అదేమీ చెప్పలేదు. రిబ్బను మాత్రం గట్టిగా ముడేసింది.

తర్వాత నాకూ కొన్ని దారులు ఎదురొచ్చాయి. వరంగల్ పెద్ద దవాఖానలో నర్సు ట్రైనింగుకు పిలుపు వచ్చింది. అప్పుడు చిన్న తమ్ముడు ఇంకా ఎదగలేదు. పెళ్ళయ్యాక కుట్టుపని నేర్చుకుని సొంతంగా కొట్టు పెట్టుకుందామనుకున్నాను. అప్పుడు మామగారికి పక్షవాతం. ఆఖరికి ఆడబిడ్డలంతా మేడారం జాతరకు పోదాం రమ్మని బండి కట్టించుకుని వాకిట్లోకి వస్తే, పిల్లలకు పరీక్షలన్నాను. ఎవరూ నన్ను వద్దనలేదు. మా నాయిన లాగే అందరూ మంచివాళ్ళే. నేనే ప్రతిసారీ నేను పోతే ఇల్లెట్లా అనుకున్నాను. ఆ అనుకోవడం ఆగాక పోదామని కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను.